అటకకు పలకలు వేశాక గది ఎందుకు ఉడుకుతుంది? గోదావరి డెల్టా పెంకుటిళ్లలో వేడి, తేమ, బరువుల లెక్క

క్లుప్తంగా: అటక మీద సామాను కోసం పలకలు పరిచేటప్పుడు కింద ఉన్న ఇన్సులేషన్ నలిగిపోతే అది వేడిని ఆపే శక్తి చాలావరకు పోతుంది. డెల్టా ఎండలకు చలిదేశాల్లో వాడేంత మందం అక్కర్లేదు, 50 నుంచి 75 మిల్లీమీటర్లు చాలు. అయితే పెంకు కింద ఒక ఖాళీ, పలక కింద మరో ఖాళీ తప్పకుండా ఉండాలి. ఏసీ గది మీద అటక అయితే తేమను ఆపే పొర ఇన్సులేషన్‌కు పైవైపున రావాలి. సామాను బరువు దూలాల మీదే పడాలి, ఫాల్స్ సీలింగ్ మీద కాదు.

ఒకరి పని మీద ఇంకొకరి పని

కోనసీమలోనూ, అటు పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత మండువా ఇళ్లు, పెంకుటిళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. వాటిలో అటక ఇల్లు కట్టినప్పుడే పుట్టింది. ఇత్తడి గంగాళాలు, ఊరగాయ జాడీలు, బొమ్మల కొలువు బొమ్మలు, చుట్టాలు వస్తే దించే పరుపులు అన్నీ అక్కడే. లంక గ్రామాల్లో అటక అవసరం ఇంకా ఎక్కువ. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద వస్తోందని తెలిసినప్పుడు విత్తనాల బస్తా, దస్తావేజుల పెట్టె, బియ్యం డబ్బా ముందుగా ఎక్కేది అటక మీదికే.

ఈ ఇళ్లలో కొన్నేళ్లుగా రెండు పనులు విడివిడిగా జరుగుతున్నాయి. పెంకు కింద గదికి ఏసీ పెట్టించాలంటే చల్లదనం పైకి పోకుండా ఫాల్స్ సీలింగ్ వేసి, దాని మీద గ్లాస్‌ఉల్ (గాజు పోగుల ఉన్ని) పరిపిస్తారు. ఆ తర్వాత ఎప్పుడో వడ్రంగిని పిలిచి, పాతబడిన అటక చెక్కలు తీయించి ప్లైవుడ్ వేయిస్తారు. మొదటి పనివాళ్లకు అటక మీదికి సామాను వస్తుందని తెలియదు. రెండో పనివాడికి ఆ మెత్తటి దుప్పటిలాంటి పొర ఎందుకుందో తెలియదు. దాని మీదే పలక పెట్టి మేకులు కొట్టేస్తాడు. వేసవి రాగానే గది మళ్లీ మొదటిలాగే ఉడుకుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, తప్పు ఏసీది అనుకుంటారు.

దీనికి తోడు ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో చాలావరకు బ్రిటన్, అమెరికా ఇళ్లవే. అక్కడి సలహాల్లో కొన్ని మన డెల్టాకు అతుకుతాయి. కొన్ని అసలు అతకవు, ఒకటి రెండు అయితే నష్టం చేస్తాయి.

వేడి పైనుంచి దిగే దారి

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పెంకు లోపలివైపు చేయి ఆనించలేం. ఆ వేడి కింది గదికి ఎలా చేరుతుందన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

వేడి గాలి తేలిక, పైకే పోతుంది. అందువల్ల పెంకు కింద వేడెక్కిన గాలి కొప్పు దగ్గర పేరుకుంటుందే తప్ప తనంతట తాను కిందికి దిగదు. కిందికి దిగే వేడిలో పెద్ద భాగం గాలితో సంబంధం లేనిది. పొయ్యికి ఎదురుగా కూర్చుంటే మొహానికి సెగ తగిలినట్టు, కాలిన పెంకు నుంచి కింది సీలింగ్ మీదికి నేరుగా ప్రసరించే వేడి అది. పెంకు లోపలివైపు 55 డిగ్రీలు, సీలింగ్ పైవైపు 35 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. భౌతికశాస్త్రం లెక్క ప్రకారం చదరపు మీటరుకు సుమారు 120 వాట్ల వేడి ఇలా దిగుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదికి ఇది దాదాపు 1300 వాట్లు, అంటే ఒక ఎలక్ట్రిక్ హీటర్ వెలిగించి సీలింగ్ మీద పెట్టినంత.

ఈ ప్రసారాన్ని ఆపడానికి మందం అక్కర్లేదు, మెరుపు కావాలి. మట్టి పెంకు తన వేడిలో దాదాపు 90 శాతం సామర్థ్యంతో సెగను విడుస్తుంది. మెరిసే అల్యూమినియం ఫాయిల్ 5 శాతం లోపే విడుస్తుంది. మధ్యలో ఒక శుభ్రమైన ఫాయిల్ అడ్డు పెడితే ఆ 120 వాట్లు పదో వంతు కన్నా తక్కువకు పడిపోతాయి. కానీ ఇందులో ఒక షరతు ఉంది. ఫాయిల్ మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం అంగుళం గాలి ఖాళీ ఉండాలి. దాని మీద పలక ఆనినా, ట్రంకు పెట్టె ఆనినా ఆ చోట ఫాయిల్ ఉన్నా లేనట్టే. తాకిన వస్తువు నుంచి వేడి లోహం గుండా అటు నుంచి ఇటు సూటిగా దిగిపోతుంది. పైకి చూసే ఫాయిల్ మీద దుమ్ము పేరుకున్నా ఇదే జరుగుతుంది, కాస్త నెమ్మదిగా. పెంకుటింటి అటక మీద దుమ్ము పడటానికి ఒక వేసవి చాలు.

270 మిల్లీమీటర్లు ఎందుకు వద్దు

బ్రిటన్‌లో అటక నేల మీద 270 మిల్లీమీటర్ల మందాన గ్లాస్‌ఉల్ లేదా రాక్‌ఉల్ (రాతి పోగుల ఉన్ని) వేయమని సలహా. అక్కడ నెలల తరబడి చలి, ఇంట్లో 20 డిగ్రీలు, బయట సున్నాకు దగ్గర. వేడి పైకి పోతుంది కాబట్టి గాలి కూడా దాన్ని మోసుకుపోతుంది. ఆ ఇళ్లలో అటక నేల కర్రలు సుమారు 100 మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి. 270 మిల్లీమీటర్ల ఉన్ని మీద పలక నేరుగా వేస్తే అది 100కు నలిగిపోతుంది. అందుకే అక్కడ ప్లాస్టిక్ కాళ్లు బిగించి పలకలను ఎత్తుగా నిలబెట్టే పద్ధతి వచ్చింది. వీడియోల్లో కనిపించేది అదే.

మన దగ్గర పరిస్థితి వేరు. ఎండ ఎంత మండినా లోపలికీ బయటికీ మధ్య తేడా అంత పెద్దది కాదు. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత, పైకప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్ల కన్నా ఎక్కువ వేడి దిగకూడదంటుంది. బ్రిటన్ సలహా ప్రకారం వేస్తే ఆ అంకె సుమారు 0.16 వస్తుంది.

మందం పెరిగేకొద్దీ లాభం ఎలా తగ్గుతుందో చూస్తే విషయం తేటపడుతుంది. పెంకు, అటక, జిప్సమ్ సీలింగ్ మాత్రమే ఉన్న గదిలోకి దిగే వేడి 100 పాళ్లు అనుకుంటే, 50 మిల్లీమీటర్ల గ్లాస్‌ఉల్ వేసినప్పుడు అది సుమారు 29 పాళ్లకు పడిపోతుంది. 100 మిల్లీమీటర్లు వేస్తే 17. 270 వేస్తే 7. మొదటి రెండు అంగుళాలే 71 పాళ్లు ఆపాయి. తర్వాతి ఎనిమిదిన్నర అంగుళాలు కలిపి ఆపింది 22 పాళ్లు.

ఇప్పుడు ఆ 50 మిల్లీమీటర్ల పొర మీద పలక వేసి, పలక మీద ఇత్తడి సామాను పెట్టి, 15 మిల్లీమీటర్లకు నలిపేశారనుకుందాం. దిగే వేడి 29 నుంచి 55 పాళ్ల దాకా ఎగబాకుతుంది. గ్లాస్‌ఉల్‌లో వేడిని ఆపేది గాజు పోగు కాదు, పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. నలిపితే పోయేది ఆ గాలే.

మందం ఇంత తక్కువ చాలడం డెల్టా ఇళ్లకు కలిసొచ్చే విషయం. పాత ఇళ్లలో అటక దూలాలు, తాటివైనా టేకువైనా, సాధారణంగా ఆరు అంగుళాలకు తగ్గవు. ఆ ఎత్తులో రెండు మూడు అంగుళాల ఇన్సులేషన్ దూలాల మధ్య హాయిగా ఒదిగిపోయి, పైన ఇంకా మూడు అంగుళాల ఖాళీ మిగులుతుంది. పలకలు దూలాల నెత్తి మీద కూర్చుంటాయి, ఇన్సులేషన్‌ను తాకనే తాకవు. ప్లాస్టిక్ కాళ్లు తెప్పించుకోవాల్సిన పని లేదు. కోసిన సన్నకర్రలు, నాలుగు అంగుళాలవి, వేసిన ఇళ్లలో మాత్రం వాటికి అడ్డంగా రెండు అంగుళాల రీపర్లు (కర్ర పట్టీలు) బిగించి, వాటి మీద పలకలు వేస్తే సరిపోతుంది.

కర్ర దూలం గుండా కొంత వేడి దిగే మాట నిజమే కానీ ఆరు అంగుళాల కర్ర తానే ఓ మోస్తరు అడ్డు. ఇనప పైపుల ఫ్రేము మీద అటక కట్టిన చోట అలా కాదు. ఇనుము వేడిని ఏమాత్రం ఆపదు. అక్కడ పైపుకూ పలకకూ మధ్య రబ్బరు పట్టీ గానీ కర్ర పట్టీ గానీ పెట్టాలి.

ఇన్సులేషన్ ఏటవాలుకా, నేలకా?

అటక నేల మీదే ఇన్సులేషన్ వేస్తే కింది గది చల్లబడుతుంది, అటక మాత్రం పొయ్యి మీదే ఉంటుంది. ఖాళీగా వదిలే అటకకు ఇది చాలు, ఖర్చు కూడా తక్కువ. సామాను పెట్టే అటకకు ఇది సగం పరిష్కారమే. మే నెలంతా ఆ వేడిలో ఉన్న ఊరగాయ రంగు మారుతుంది, ప్లాస్టిక్ డబ్బాలు పెళుసెక్కుతాయి, ఫొటోలు అంటుకుపోతాయి, విత్తనాల మొలక శక్తి తగ్గుతుంది.

ఏటవాలుగా, వాసాల కింద ఫాయిల్ కట్టిస్తే అటక, గది రెండూ లాభపడతాయి. మెరిసే ముఖం కిందికి ఉంటే దుమ్ము పట్టదు. పైన వాసాల మందం వల్ల పెంకుకూ ఫాయిల్‌కూ మధ్య ఖాళీ దానంతట అదే వస్తుంది. చూరు దగ్గరా కొప్పు దగ్గరా అర అడుగు చొప్పున ఫాయిల్ ఆపేస్తే, చూరు నుంచి వచ్చిన గాలి పెంకు కింద వేడెక్కి కొప్పు సందుల్లోంచి బయటికి పోతుంది. గూన పెంకుల మధ్య సందులు ఎక్కువ కాబట్టి పాత నాటు పెంకుటిళ్లకు ఈ ఏర్పాటు ఇంకా బాగా కుదురుతుంది. బెంగుళూరు పెంకు వేసిన ఇళ్లలో కొప్పును సిమెంటుతో పూర్తిగా మూసేసి ఉంటే గోడ త్రిభుజాల్లో, అంటే రెండు చివర్లా, జాలీ కిటికీలు పెట్టించాలి.

సామాను పెట్టే ఉద్దేశం ఉన్నప్పుడు ఏటవాలు ఫాయిల్, నేల మీద 50 మిల్లీమీటర్ల పొర, రెండూ కలిపి వేయించడమే డెల్టాకు సరైన ఏర్పాటు. ఒకటే చేయించగలిగితే, ఏసీ లేని ఇంటికి ఫాయిల్, ఏసీ ఉన్న గదికి నేల పొర ముందు.

ఈ గాలి దారిని చాలా ఇళ్లలో మూసేసేది సామానే. పలకలు గోడ దాకా వేసి, చూరు మూలల్లో పాత దిళ్లు, గోనెసంచులు కుక్కుతారు. చూరు వైపు రెండు అడుగులు పలకలు వేయకుండా వదిలేస్తే మంచిది. అక్కడ వంగి కూర్చునే ఎత్తు కూడా ఉండదు, పోయేదేమీ లేదు.

ఏసీ గది మీద తేమ

డెల్టాకు బ్రిటన్ సలహా పూర్తిగా తలకిందులయ్యేది ఇక్కడే.

బ్రిటన్‌లో వంటింటి ఆవిరి, స్నానాల గది ఆవిరి పైకి పోయి, చల్లగా ఉన్న అటక కర్రల మీద నీటిబొట్లుగా మారుతుంది. అందుకని తేమను ఆపే పొరను ఇన్సులేషన్‌కు కిందివైపు, సీలింగ్‌ను ఆనుకుని వేస్తారు. మన దగ్గర తేమ ఉన్నది బయటి గాలిలో, చల్లగా ఉన్నది గది. జూన్ రాత్రి 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలి సుమారు 27 డిగ్రీల కన్నా చల్లని దేన్ని తాకినా నీరు విడుస్తుంది. ఏసీ 24లో ఉన్న గది సీలింగ్ ఆ 27 కన్నా చల్లన. అటక గాలి గ్లాస్‌ఉల్ సందుల్లోంచి దిగి సీలింగ్ పైముఖాన్ని తాకితే అక్కడే చెమ్మ దిగుతుంది. నీరు గ్లాస్‌ఉల్ కన్నా దాదాపు 15 రెట్లు ఎక్కువగా వేడిని పంపుతుంది కాబట్టి తడిసిన పొర వేడినీ ఆపదు, బరువెక్కి సీలింగ్‌ను కుంగదీస్తుంది కూడా.

దీని ఆనవాలు ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరకలు. పెంకు కారుతోందనుకుని పెంకు నేసేవాళ్లను పిలుస్తారు. చుక్క వాన లేని రోజుల్లో, ఏసీ వేసిన గదిలోనే మరకలు పెరుగుతుంటే అది కారడం కాదు, చెమ్మ.

పరిష్కారం ఖరీదైనది కాదు. ఒకవైపు ఫాయిల్ అంటించిన గ్లాస్‌ఉల్ బజారులో దొరుకుతుంది. ఫాయిల్ ముఖం పైకి ఉండేలా పరిచి, ముక్కల మధ్య, దూలాల అంచున అల్యూమినియం టేపు అంటించాలి. పలక కింద ఖాళీ ఉంచినప్పుడు ఈ ఫాయిల్ రెండు పనులు చేస్తుంది: తేమను ఆపుతుంది, కాలిన పలక నుంచి దిగే సెగనూ ఆపుతుంది. పైన పలక ఉంది కాబట్టి దుమ్ము కూడా తక్కువే పడుతుంది. ఖాళీ లేకుండా పలక నొక్కేస్తే రెండో లాభం పోతుంది.

తేమ చొరని ఎక్స్‌పీఎస్, పఫ్ షీట్లు (గట్టి నురగ పలకలు) కూడా ఏసీ గదికి మంచివే, నలగవు కూడా. నిప్పును తట్టుకునే రకమని అడిగి తీసుకోవాలి. మామూలు థర్మాకోల్ నిప్పంటుకుంటే నల్లటి పొగతో కరిగి కారుతుంది, ఎలుకలు దాన్ని కొరికి గూళ్లు పెడతాయి. ఊక, కొబ్బరి పొట్టు డెల్టాలో చేతికందేవే, వేడినీ బాగానే ఆపుతాయి. కానీ తేమ పీల్చుకుంటాయి, పురుగు చేరుతుంది, పక్కన వైరు కాలితే లోలోపల రాజుకుంటాయి. సీలింగ్ మీద పరచడానికి అవి సరైనవి కావు.

వైర్లను ఇన్సులేషన్ కింద పూడ్చకూడదు, వాటి వేడి బయటికి పోదు. సీలింగ్ లైట్ల చుట్టూ కనీసం మూడు అంగుళాల ఖాళీ ఉంచాలి. జాయింట్లు తేలి ఉన్న పాత వైరింగ్ ఉన్న ఇంట్లో ఫాయిల్ వేసే ముందు ఆ జాయింట్లు పెట్టెల్లోకి వెళ్లాలి. ఫాయిల్‌కు కరెంటు తగిలితే అటకంతా షాకే.

పలక మీద ఎంత పెట్టవచ్చు?

బ్రిటన్‌లో ట్రస్ కప్పుల (సన్నకర్రలను త్రిభుజాలుగా బిగించి కట్టిన కప్పుల) అటకలను సామాను కోసం చదరపు మీటరుకు 25 కిలోలకే లెక్క కడతారు. భారత ప్రమాణం ఐఎస్ 875 ఇంటి గదుల నేలకు 200 కిలోలు చెబుతుంది. 75 కిలోల ధాన్యం బస్తా ఒక్కటి పడుకోబెడితే చదరపు మీటరుకు 140 కిలోల దాకా పడుతుంది. దాని మీద ఇంకొకటి పెడితే గది నేల హద్దు కూడా దాటిపోతుంది. పాత అటకల దూలాలు ఇలాంటి బరువులు చాలాకాలం మోశాయి. అయితే ఇప్పుడు వాటి చివర్లు గోడలో తేమకు మెత్తబడి ఉండవచ్చు, చెద పట్టి ఉండవచ్చు. పలకలు పరిచాక అవి కనిపించవు. అందుకే పరిచే ముందే గోడలోకి వెళ్లే చివర్లను ఉలితో పొడిచి చూడాలి. బస్తాలు, గంగాళాలు గది మధ్యన కాకుండా గోడల దగ్గర, దూలాలకు అడ్డంగా పేరిస్తే వంపు తక్కువ.

పలకకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి. మామూలు రకం డెల్టా తేమకు పొరలు విడిపోతుంది. దూలాల మధ్య దూరం రెండు అడుగులుంటే 18 మిల్లీమీటర్ల మందం కావాలి. మేకులకు బదులు స్క్రూలు వాడాలి. సుత్తి దెబ్బలకు కింద సీలింగ్ అతుకులు పగులుతాయి, పైన పెంకులు జారతాయి. పైగా గాలివాన తర్వాత పలక ఎత్తి చూడాలంటే స్క్రూ విప్పితే చాలు.

కురిడీలకు వేరే లెక్క

కోనసీమ అటకకు ఇంకో పని ఉంది. బాగా ముదిరిన కొబ్బరికాయలను అటక మీద 8 నుంచి 12 నెలలు వదిలేస్తే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండ్రటి కురిడీ అవుతుంది. దీనికి వేడీ కావాలి, కింది నుంచి పైకి గాలీ ఆడాలి. పాతకాలంలో అటకను సందులు వదిలి తాటి పట్టెలతో, వెదురు దబ్బలతో కట్టింది ఇందుకే. ఆ సందుల్లోంచి వంటింటి పొగ కూడా ఎక్కి పురుగును ఆపేది. సందు లేకుండా ప్లైవుడ్ పరిచిన అటక మీద కాయలు పోస్తే అడుగు వరస చెమర్చి బూజు పడుతుంది.

ఒకే అటక మీద రెండూ కుదరవు. ఏసీ గది మీద భాగానికి ఇన్సులేషన్, గట్టి పలక వేసి, వసారా మీదో వంటింటి మీదో ఉన్న భాగాన్ని సందుల అటకగానే ఉంచి కాయలకు వదిలేయడం మంచిది. రెంటి మధ్య పలక గోడ ఒకటి కావాలి.

గాలివాన, వరద, అటక తలుపు

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానులాంటి గాలికి పెంకు లేచిపోతుంది, ఏటవాలు వాన పెంకు సందుల్లోంచి లోపలికి కొడుతుంది. ఫాయిల్‌ను వాసాలకు గట్టి పట్టీలతో బిగించి ఉంటే ఆ నీటిలో కొంత చూరు వైపు జారిపోతుంది. పలకల పని వేసవిలో, పెంకు నేయించాక, తొలకరి లోపు పూర్తి కావాలి. మొదటి రెండు మూడు వానల తర్వాత పలకలు ఎత్తి, ఇన్సులేషన్‌ను చేత్తో తాకి చూడాలి. తడిసిన గ్లాస్‌ఉల్ ముక్కను ఆరబెట్టి వాడుకోవడం కన్నా మార్చడమే మేలు. ఒకసారి అణిగిన పోగు మళ్లీ పూర్తిగా లేవదు.

ఏసీ గదిలోంచి ఎక్కే అటక తలుపును చాలామంది పట్టించుకోరు. సీలింగ్ అంతా ఇన్సులేషన్ వేసి తలుపును ఉత్త చెక్కగా వదిలేస్తే, దాని చుట్టూ సందుల్లోంచి చల్లగాలి పోతుంది, తేమ దిగుతుంది. తలుపు పైవైపు రెండు అంగుళాల షీటు అంటించి, అంచుకు ఫోమ్ పట్టీ వేస్తే సరిపోతుంది. లంక గ్రామాల్లో ఈ తలుపు కనీసం రెండున్నర అడుగుల చదరం ఉండాలి, వరదలో సామానుతో పాటు మనుషులూ ఎక్కాల్సి రావచ్చు. దానికి పైనుంచి గడియ ఉండకూడదు, దాని మీద పెట్టెలు పెట్టకూడదు, నిచ్చెన ఎప్పుడూ ఆ గదిలోనే ఉండాలి.